వంద ఊళ్ళకి ఎంత డీఎన్‌ఏ కావాలి?

బీటెక్ మూడో సంవత్సరంలో ఉండగా మా కాలేజీలో టెక్నికల్ ఫెస్టు జరిగింది. ఫెస్టంటే తెలుసుగా... మూడొంతులు సినిమా పాటలు, ఒక వంతు పేపర్ ప్రెజెంటేషన్లు. నేనూ, నా రూమ్మేటూ కలిసి "డీఎన్‌ఏ కంప్యూటింగ్" అనే టాపిక్ తీసుకున్నాం. తీసుకున్నాం అంటే నెట్లో దొరికిన నాలుగు పీపీటీలు కలిపి ఒక పీపీటీ చేశాం, అంతే. ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి ఈ టాపిక్ ఎక్కడో ఒక చోట తగిలే ఉంటుంది. బ్లూ ఐస్ టెక్నాలజీ, బ్రెయిన్ గేట్, డీఎన్‌ఏ కంప్యూటింగ్... ఈ మూడూ లేకుండా మన రాష్ట్రాల్లో ఒక్క ఫెస్టు కూడా జరిగినట్టు లేదు.

స్టేజీ ఎక్కి నేను చెప్పింది ఇదీ: చెంచాడు డీఎన్‌ఏ నీళ్ళు ప్రపంచంలో ఉన్న సూపర్ కంప్యూటర్లన్నిటినీ కలిపి ఓడిస్తాయి, ఇంకో పదేళ్ళలో సిలికాన్ చిప్పులు మ్యూజియంలో ఉంటాయి. చప్పట్లు బానే పడ్డాయి. జడ్జీల్లో చివర కూర్చున్న మ్యాథ్స్ సారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. "బాబూ, ఆయనెవరో ఏడు ఊళ్ళకి చేశాడన్నావు. వంద ఊళ్ళకి చెయ్యాలంటే ఎంత డీఎన్‌ఏ కావాలి?" అనడిగారు. నేను తడుముకోకుండా "ఇట్ ఈజ్ స్కేలబుల్ సార్" అన్నాను. ఆయన నవ్వి, "ఒకసారి లెక్కేసి చూడు" అని ఊరుకున్నారు. మాకు రెండో బహుమతి వచ్చింది, ఇద్దరికీ కలిపి ఒకటే మెమెంటో.

మొన్నీమధ్య ఇంటికెళ్ళినప్పుడు అటక సర్దుతుంటే ఆ మెమెంటో బయటపడింది. "ఇది పాత సామాన్లవాడికి వేసెయ్యనా?" అంది అమ్మ. వద్దన్నాను గానీ ఆ రాత్రి సారు అడిగిన ప్రశ్న గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. కాగితం మీద లెక్క వేశాను. లెక్క తేలాక, అసలు ఆ తర్వాత ఈ రంగంలో ఏం జరిగిందో చూద్దామని పాత పేపర్లు (పీపీటీలు కాదు, నిజం పేపర్లు) చదవడం మొదలుపెట్టాను. ఓ నెల పట్టింది. స్టేజీ మీద నేను చెప్పినది ఈ కథలో మొదటి పేజీ మాత్రమే, అదీ తప్పుగా చెప్పానని అర్థమైంది.

మొదటి పేజీలో ఉన్న మనిషి లెనార్డ్ ఆడెల్‌మన్. ఆర్ఎస్ఏ ఎన్‌క్రిప్షన్లో చివరి "ఏ" ఈయనే. కంప్యూటర్లో చేరి ఇబ్బంది పెట్టే ప్రోగ్రాముకి "వైరస్" అన్న పేరు కూడా ఈయన సూచించినదే, 1980ల్లో తన విద్యార్థి ఫ్రెడ్ కోహెన్ అలాంటి ప్రోగ్రాము రాస్తే. ఆయన దృష్టి తర్వాత అసలు వైరస్ మీదకి, అంటే హెచ్ఐవీ మీదకి మళ్ళింది. ఆ పరిశోధనలో జీవశాస్త్రం వాళ్ళు తన మాట సరిగ్గా వినట్లేదనిపించి, వాళ్ళ భాషే నేర్చుకుందామని 1993లో ల్యాబులో చేరి పిపెట్ పట్టుకున్నాడు. అప్పటికే పేరుమోసిన ప్రొఫెసరు! ఒక రాత్రి పడుకుని వాట్సన్ రాసిన పాఠ్యపుస్తకం చదువుతుంటే డీఎన్‌ఏ పాలిమరేజ్ గురించి వచ్చింది. ఒక పోగు మీద అక్షరం అక్షరం జరుగుతూ, చదువుతూ, దానికి జోడీ పోగు రాసుకుంటూ పోయే ఎంజైమ్ అది. ఆయనకి అందులో ట్యూరింగ్ మెషీన్ కనపడింది. టేపు మీద కదిలే తల... ఇంకేం కావాలి?

1994 నవంబరులో సైన్స్ పత్రికలో వచ్చిన ఆయన ప్రయోగం ఇది. ఏడు ఊళ్ళు, వాటి మధ్య పద్నాలుగు వన్‌వే దార్లు. మొదటి ఊళ్ళో బయల్దేరి, ప్రతి ఊరూ ఒక్కసారే తగిలేలా, చివరి ఊరు చేరే దారి ఉందా? మన ఆల్గారిథమ్స్ సిలబస్సులోని హామిల్టోనియన్ పాత్ అన్నమాట. ఆడెల్‌మన్ ఒక్కో ఊరికి ఇరవై అక్షరాల డీఎన్‌ఏ ముక్క పేరుగా పెట్టాడు. దారికి కూడా ఇరవై అక్షరాలే: బయల్దేరే ఊరి పేరులో రెండో సగం, చేరే ఊరి పేరులో మొదటి సగం. ఎ కి టి, జి కి సి అతుక్కుంటాయి కాబట్టి, ఊరి పేరుకి జోడీ ముక్క రెండు దార్లని పక్కపక్కన పట్టి ఉంచుతుంది. లైగేజ్ అనే ఎంజైమ్ ఆ అతుకు వేస్తుంది. ఒక్కో ముక్కవీ సుమారు 30 లక్షల కోట్ల కాపీలు నీటి చుక్కలో కలిపితే, సాధ్యమైన దార్లన్నీ వాటంతట అవే తయారైపోయాయి.

ఆ భాగమే ప్రపంచాన్ని ఆకట్టుకుంది. కానీ జవాబు బయటికి తీయడం ఎలా? అక్కడ చాకిరీ మొదలు. సరైన ఊళ్ళో మొదలై సరైన ఊళ్ళో ముగిసేవాటినే పీసీఆర్‌తో పెంచాలి. జెల్ మీద పరుగెత్తించి సరిగ్గా 140 అక్షరాల పొడవున్నవే కోసి తియ్యాలి. తర్వాత ఒక్కో ఊరి పేరుకి జోడీని అయస్కాంతపు పూసలకి కట్టి, ఆ ఊరు ఉన్న పోగుల్ని మాత్రం పట్టుకుని మిగతావి పారబొయ్యాలి. ఇలా ఒక్కో ఊరికీ. మొత్తం ఏడు రోజుల ల్యాబు పని. కాగితం మీద మనం పెన్సిలుతో ఓ నిమిషంలో తేల్చేసే గ్రాఫు అది.

దాన్ని ఎవరూ ఎగతాళి చెయ్యలేదు, చెయ్యకూడదు కూడా. రైట్ సోదరుల విమానం మొదట ఎగిరింది పన్నెండు సెకన్లే. కానీ విమానానికీ దీనికీ ఒక తేడా ఉంది, సారు అడిగింది అదే.

ఇక నా లెక్క. ఊరికి 20 అక్షరాలు. ఒక జంట అక్షరాల బరువు సుమారు 650 డాల్టన్లు. ఒక్కో ఊరి నుంచి రెండే రెండు దార్లు ఉన్నాయనుకుందాం (చాలా దయగల ఊహ ఇది). అప్పుడు ఊరు పెరిగినప్పుడల్లా దార్ల సంఖ్య రెట్టింపు. ఒక్కో దారికి ఒక్క కాపీ చాలనుకున్నా, 70 ఊళ్ళకి రెండు కిలోలకి కాస్త తక్కువ డీఎన్‌ఏ కావాలి. సరే, తెచ్చుకుందాం. 80 ఊళ్ళకి రెండు టన్నులు. 90 ఊళ్ళకి రెండు వేల నాలుగొందల టన్నులు. 100 ఊళ్ళకి 27 లక్షల టన్నులు. సార్, మీ ప్రశ్నకి జవాబు అదీ. చెంచాడు ఎక్కడ, 27 లక్షల టన్నులెక్కడ!

ఈ లెక్క నాకన్నా చాలా ముందే, ఆడెల్‌మన్ పేపరు వచ్చిన మరుసటి ఏడాదే, జూరిస్ హార్ట్‌మానిస్ వేసేశాడు. కాంప్లెక్సిటీ థియరీకి పునాది వేసిన ఇద్దరిలో ఒకడు, ట్యూరింగ్ అవార్డు గ్రహీత. 1995లో ఆయన రాసిన చిన్న వ్యాసంలో తేల్చిందేమంటే, ఇదే పద్ధతిలో 200 ఊళ్ళకి చెయ్యాలంటే కావలసిన డీఎన్‌ఏ భూమికన్నా బరువుంటుందని. (నా దయగల లెక్కలో అయితే సూర్యుణ్ణి కూడా దాటిపోయింది.) ఎన్‌పీ కంప్లీట్ సమస్యలో కాలం ఘాతీయంగా పెరుగుతుంది. ఆడెల్‌మన్ దాన్ని మాయం చెయ్యలేదు, కాలం నుంచి బరువులోకి మార్చాడు. ఇంట్లో చెత్తని మంచం కిందకి తోసినట్టు. 2002లో ఆయన బృందమే ఇరవై చరరాశుల సాట్ సమస్యని, అంటే 10,48,576 అవకాశాల్లోంచి ఒక్క సరైన జవాబుని, డీఎన్‌ఏతో వెతికి తీసింది. అద్భుతమైన ల్యాబు పనితనం. మన ఫోనుకి అది కనురెప్ప వేసేంత పని కూడా కాదు.

మామూలుగా ఇక్కడ ఇలాంటి టాపిక్కులు చచ్చిపోతాయి. ఇది చావలేదు. ఎందుకంటే అప్పటికే వేరే మనుషులు వేరే ప్రశ్నలతో ఇదే డీఎన్‌ఏ చుట్టూ తిరుగుతున్నారు.

వాళ్ళలో ఒకడు ఐబీఎంలోని చార్లెస్ బెన్నెట్. 1973లోనే, తక్కువ శక్తితో లెక్కలు చెయ్యడం గురించి రాస్తూ, కణంలో ఆర్ఎన్‌ఏ తయారయ్యే తీరుని ఒక కంప్యూటరుగా చూపించాడు. ఆయనకి కావలసింది వేగం కాదు, ఒక లెక్కకి ప్రకృతి వసూలు చేసే కనీస ఖరీదు ఎంత అన్నది. రెండోవాడు నెడ్ సీమన్. ఈయన కథ నాకు మరీ నచ్చింది. స్ఫటికాల నిర్మాణం కనుక్కునే శాస్త్రజ్ఞుడు, కానీ స్ఫటికాలు కట్టక సతమతమవుతున్నవాడు. 1980లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ యూనివర్సిటీ పబ్బులో కూర్చుని, డీఎన్‌ఏ ఆరు చేతులున్న కూడళ్ళ గురించి ఆలోచిస్తూ ఉండగా, ఎషర్ గీసిన "డెప్త్" అనే చిత్రం గుర్తొచ్చింది. వరసలు వరసలుగా గాల్లో ఈదే చేపలు. ఒక్కో చేపనీ ఒక డీఎన్‌ఏ కూడలి అనుకుంటే? కిందా మీదా, ఎడమా కుడీ, ముందూ వెనకా అతుక్కుంటూ పోతే మనకి కావలసిన స్ఫటికం మనమే కట్టుకోవచ్చు కదా! 1982లో ఆ ఊహని పేపరుగా రాశాడు. 1991కి డీఎన్‌ఏతో ఒక ఘనం, ఆరు ముఖాల పెట్టె, కట్టి చూపించాడు. సీమన్ 2021లో పోయాడు. డీఎన్‌ఏని వంశవృత్తాంతపు పుస్తకంగా కాకుండా ఇటుకగా చూసిన మొదటి మనిషి ఆయన.

ఈ రెండు దార్లూ కాల్టెక్‌లో ఎరిక్ విన్‌ఫ్రీ దగ్గర కలిశాయి. 1961లో హావో వాంగ్ అనే తర్కశాస్త్రజ్ఞుడు అంచులకి రంగులున్న పలకల గురించి ఒక ప్రశ్న వేశాడు: ఒకే రంగు అంచులు కలిసేలా పలకలు పరుచుకుంటూ పోతే, ఆ పరుపు ఒక ట్యూరింగ్ మెషీన్‌ని అనుకరించగలదని తర్వాత తేలింది. విన్‌ఫ్రీకి తట్టినదేమంటే సీమన్ కూడళ్ళే ఆ పలకలు, అంటుకునే కొసలే రంగులు. అంటే స్ఫటికం పెరగడమే ప్రోగ్రాము నడవడం. 1998లో సీమన్‌తో కలిసి అలాంటి పలకల పరుపు చేసి చూపించాడు, అదే ఏడాది పీహెచ్‌డీ. 2004లో పాల్ రోథ్‌మండ్, ఇంకొకరితో కలిసి ఎక్స్ఆర్ ప్రోగ్రామున్న పలకలతో సియర్‌పిన్‌స్కీ త్రిభుజాన్ని పెంచాడు. మైక్రోస్కోపు బొమ్మ చూస్తే త్రిభుజంలో త్రిభుజం కనపడుతుంది, మధ్య మధ్యలో తప్పులతో సహా. బిట్ తప్పితే కింద వరసలన్నీ తప్పిపోవడం కళ్ళారా చూడొచ్చు. డీబగ్ లాగ్ ఇంత అందంగా నేనెక్కడా చూడలేదు :)

అయితే సర్క్యూటు అనడానికి ఇంకొకటి కావాలి. పలక ఒకసారి అతుక్కుంటే అతుక్కున్నట్టే. సిగ్నల్ రావాలి, ఏదో మారాలి, ఇంకో సిగ్నల్ బయటికి పోవాలి. అది 2000లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చింది. ట్రాన్సిస్టరు పుట్టిన చోటే! బెర్నార్డ్ యుర్కే, ఆండ్రూ టర్బర్‌ఫీల్డ్ తదితరులు డీఎన్‌ఏతోనే ఒక పట్టకారు చేసి, దాన్ని మూయడానికీ తెరవడానికీ కూడా డీఎన్‌ఏ పోగులే వాడారు. ఎంజైమ్ లేదు, మంట లేదు.

అదెలాగో తెలియాలంటే మన జనరల్ బోగీ గుర్తు తెచ్చుకోండి. సీటు నిండా మనుషులు కూర్చునుంటారు. కొత్తగా ఎక్కినవాడు సీటు చివర జానెడు ఖాళీ చూసుకుని, "కాస్త జరగండి బాబూ" అంటూ ఆనుకుంటాడు. రైలు కుదుపులకి వాడు ఓ అంగుళం, అటు చివరివాడు ఓ అంగుళం... ముందుకీ వెనక్కీ జరుగుతూ జరుగుతూ, చివరికి అవతలి కొసనున్నవాడు లేచి నిలబడాల్సి వస్తుంది. డీఎన్‌ఏలో కూడా అచ్చంగా ఇంతే. రెండు పోగులు జంటగా ఉంటాయి, ఒకదాని కొసన ఐదారు అక్షరాలు జోడీ లేకుండా ఖాళీగా వదిలేస్తారు. కొత్త పోగు ఆ ఖాళీలో కాలు పెట్టి, అక్షరం తర్వాత అక్షరం ఆక్రమించి, పాతదాన్ని బయటికి తోసేస్తుంది. బయటపడ్డ పోగు ఊరుకోదు, ఇంకో సీటు వెతుక్కుంటుంది. ఆ జానెడు ఖాళీ ఎన్ని అక్షరాలో మారిస్తే ఈ పని జరిగే వేగాన్ని పది లక్షల రెట్ల వరకూ మార్చొచ్చు. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా తెలివైన విషయం ఇదే అనిపించింది. ఒక నాబ్ దొరికింది! వోల్టేజీ లాంటి నాబ్.

2006లో గియోర్గ్ సీలిగ్, డేవిడ్ సొలోవేచిక్, డేవిడ్ యూ జాంగ్, విన్‌ఫ్రీ కలిసి ఈ ఒక్క కిటుకుతో యాండ్, ఆర్, నాట్ గేట్లు చేశారు. యాండ్ గేటు చూడండి: మొదటి పోగు వచ్చి ఒకణ్ణి తోసేస్తే కానీ రెండో పోగుకి కాలు పెట్టే ఖాళీ బయటపడదు. రెండూ వస్తేనే అవుట్‌పుట్ పోగు విడుదల. ఇన్‌పుటూ అవుట్‌పుటూ రెండూ ఒకే రకం వస్తువు (ఒంటి పోగు) కాబట్టి ఒక గేటు అవుట్‌పుట్‌ని నేరుగా తర్వాతి గేటుకి ఇవ్వొచ్చు. మనం యూనిక్స్ పైపుల గురించి గొప్పగా చెప్పుకుంటాం కదా, టెక్స్టు వస్తుంది, టెక్స్టు పోతుంది అని, అదే సంగతి. ఇన్‌పుట్లుగా వాళ్ళు వాడిన వాటిలో కణాల్లో నిజంగా ఉండే మైక్రో ఆర్ఎన్‌ఏల అక్షర క్రమాలున్నాయి. ఎటు వెళ్ళాలో అప్పుడే ఆలోచించుకున్నారన్నమాట.

ఇంతవరకూ చదివితే అంతా సాఫీగా సాగినట్టుంటుంది. అసలు బాధ "లీకు". ఇన్‌పుట్ రాకుండానే గేటు అవుట్‌పుట్ ఇచ్చేస్తుంది. జంట పోగుల కొసలు క్షణక్షణం విడిపోతూ అతుక్కుంటూ ఉంటాయి. ఆ విడిపోయిన క్షణంలో పక్కనున్న ఇంకో పోగు దూరిపోతుంది. పైగా ల్యాబుకి ఆర్డరిచ్చి తెప్పించుకునే డీఎన్‌ఏలో అక్షరాలు ఎగిరిపోయిన ముక్కలు కొన్ని ఉండనే ఉంటాయి. ఒక గేటుకి ఆ మాత్రం లీకు ఫర్లేదు. పది గేట్లు వరసగా పెడితే చివరికొచ్చేసరికి సున్నా ఏదో ఒకటి ఏదో తెలియదు. బ్రేక్‌పాయింటు పెట్టుకోవడానికి లేదు, ప్రింట్ స్టేట్‌మెంటు లేదు. ఉన్నదల్లా ఫ్లోరసెన్స్ రంగు కొంచెం కొంచెంగా పెరిగే గ్రాఫు ఒకటి. ప్రొడక్షన్లో బగ్గు ఉంది, లాగ్స్ లేవు, సర్వరు ఒక నీటి చుక్క. ఇంతకన్నా అర్ధరాత్రి ఆన్‌కాల్ నయం.

దీనికి లులు చియాన్, విన్‌ఫ్రీ 2011లో ఇచ్చిన జవాబు నన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. "తూగుడు బల్ల" లాంటి ఒకే ఒక సాదా గేటు తీసుకున్నారు. దానికి ఒక గుమ్మం పెట్టారు: పొడుగు ఖాళీ ఉన్న కొన్ని పోగులు ముందే కలిపి ఉంచితే, వచ్చిన సిగ్నల్‌ని అవి ముందుగా, వేగంగా మింగేస్తాయి. వాటి కోటా నిండాక మిగిలినదే ముందుకి పోతుంది. అలా కొద్దిగా వచ్చిన లీకు మింగబడి సున్నా అయిపోతుంది. గుమ్మం దాటిన దాన్ని ఇంధనపు పోగుతో పెంచి మళ్ళీ పూర్తి ఒకటి చేస్తారు. ప్రతి మెట్టులోనూ శుభ్రం చేసుకుంటూ పోవడం. మన చిప్పుల్లో ట్రాన్సిస్టర్లు చేసేది ఇదే. మనం సున్నా ఒకట్లు అని తేలిగ్గా అనేస్తాం కానీ, ఆ రెండే ఉండేలా ఎవరో కింద కూర్చుని ప్రతి క్షణం చాకిరీ చేస్తున్నారు. అది ఉచితం కాదని నాకు నిజంగా తెలిసొచ్చింది ఈ పేపరు చదివాకే.

ఇంకో చిక్కు నాట్ గేటు. తీగలో అయితే సున్నా కూడా ఒక సిగ్నలే. గిన్నెలో "పోగు లేదు" అంటే ఇన్‌పుట్ సున్నా అనా, ఇంకా రాలేదనా? నాట్ గేటు తొందరపడి ఒకటి ఇచ్చేసిందంటే, విడుదలైన పోగుని వెనక్కి పిలవలేం. నల్ కీ ఫాల్స్ కీ తేడా తెలియక డేటాబేసుల్లో మనం పడే తిప్పలే! వాళ్ళు ప్రతి బిట్‌కీ రెండు పోగులు పెట్టారు, "అవును" పోగు ఒకటి, "కాదు" పోగు ఒకటి. అలా 130 పోగులతో కట్టిన సర్క్యూటు నాలుగు బిట్ల సంఖ్యకి వర్గమూలం చెప్పింది. 0 నుంచి 15 దాకా, దశాంశాలు వదిలేసి. ఒక్కో జవాబుకి దాదాపు పది గంటలు.

పది గంటలా అని నవ్వొచ్చింది కదూ. నాకూ వచ్చింది. కాలిక్యులేటరుతో పోల్చినంతసేపూ అది నవ్వులాటే. ఆ పోలిక తప్పని వీళ్ళకి అప్పటికే తెలుసు. గిన్నెలో, కణంలో, రక్తపు చుక్కలో ఉన్న అణువుల్ని నేరుగా ఇన్‌పుట్‌గా తీసుకుని, అణువునే అవుట్‌పుట్‌గా ఇవ్వగల కంప్యూటరు ఇంకోటి లేదు. సిలికాన్ చిప్పుని కణంలో పెట్టలేం, పెట్టినా దానికి మైక్రో ఆర్ఎన్‌ఏ చదవడం రాదు. శరీరంలో ఏదైనా మందు ఎప్పుడు విడుదల కావాలో తేల్చడానికి పది గంటలంటే మరీ ఆలస్యమేం కాదు. నేను స్టేజీ మీద పందెం పెట్టిన మైదానమే తప్పన్నమాట.

ఈ మాట అందరికన్నా ముందు గట్టిగా అన్నది ఇజ్రాయెల్ వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఎహుద్ షపీరో. ఈయనా మనలాగే ప్రోగ్రాములవాడే, ప్రోలాగ్ మనిషి. ఆయన, విద్యార్థి యాకోవ్ బెనెన్సన్ 2001లో ఎంజైమ్ సాయంతో నడిచే రెండు స్థితుల ఆటోమేటన్ చేశారు. 2004లో దాన్ని పెంచి, ప్రోస్టేట్ క్యాన్సరుకి గుర్తులైన ఆర్ఎన్‌ఏ స్థాయిలు చూసి, అన్నీ సరిపోతే మందుగా పనిచేసే పోగుని విడుదల చేసేలా కట్టారు. పేపర్లన్నీ "కణంలో డాక్టరు" అని రాశాయి. జరిగింది మాత్రం పరీక్షనాళికలో, అనుకూలమైన ఉప్పు నీళ్ళలో. కణం అలా ఉండదు, అక్కడ బయటి డీఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైములు కాచుకుని ఉంటాయి. బెనెన్సన్ ఆ దూరం దాటడానికి ఏడేళ్ళు పట్టింది. 2011లో ఎంఐటీ రాన్ వైస్‌తో కలిసి, ఆరు మైక్రో ఆర్ఎన్‌ఏల స్థాయిలు చూసి అది హీలా క్యాన్సరు కణమైతేనే దాన్ని ఆత్మహత్యకి పురిగొల్పే సర్క్యూటుని బతికున్న కణాల్లోనే నడిపారు. అది కూడా ల్యాబు గిన్నెలో పెరిగిన కణాల్లోనే, మనిషిలో కాదు. 2004 హెడ్‌లైన్లు చదివి ఆశపడ్డ రోగులెవరైనా ఉంటే వాళ్ళకి ఈ తేడా ఎవరు చెప్పి ఉంటారు? స్టేజీ మీద నేను కొట్టిన డప్పుకి నష్టపోయింది ఎవరూ లేరు. ఇలాంటి డప్పు సంగతి అలా కాదు.

కణాల్లో సర్క్యూటులు కట్టడం అనేది నిజానికి ఇంకో పాయ. 2000 జనవరిలో నేచర్ ఒకే సంచికలో రెండు పేపర్లు వేసింది. ఒకటి ఎలోవిట్జ్, లైబ్లర్ చేసిన "రెప్రెసిలేటర్". మూడు జన్యువులు, ఒకటి రెండోదాని నోరు నొక్కుతుంది, రెండోది మూడోదాన్ని, మూడోది మళ్ళీ మొదటిదాన్ని. ఈసీఈ వాళ్ళకి వెంటనే వెలిగుంటుంది, మూడు ఇన్వర్టర్ల రింగ్ ఆసిలేటర్! ఈ.కోలై బాక్టీరియా మిణుకు మిణుకుమంటూ వెలిగి ఆరాయి, ఏ కణం గడియారం దానిదే. రెండోది గార్డ్‌నర్, కాంటర్, కాలిన్స్ చేసిన టాగుల్ స్విచ్చు, అంటే ఒక బిట్ మెమరీ. ఇటు ఎంఐటీలో టామ్ నైట్ అనే పెద్దమనిషి, లిస్ప్ మెషీన్లు కట్టిన తరం వాడు, 1990ల నడుమ కంప్యూటరు డిపార్టుమెంటులోనే తడి ల్యాబు పెట్టుకున్నాడు. 2003లో జన్యువుల్ని నట్లూ బోల్టుల్లా ప్రామాణికం చెయ్యాలని "బయోబ్రిక్స్" ప్రతిపాదించాడు. 2016కి క్రిస్టఫర్ వోయిట్ బృందం వెరిలాగ్ కోడ్ ఇస్తే డీఎన్‌ఏ అక్షరాలు రాసిచ్చే "సెల్లో" అనే కంపైలరు చేసింది. అది డిజైన్ చేసిన 60 సర్క్యూటుల్లో 45 మొదటి దెబ్బకే అన్ని స్థితుల్లోనూ సరిగ్గా పనిచేశాయట. నా కోడుకి ఆ మాత్రం ఎప్పుడూ రాలేదు.

పోగుల సర్క్యూటులకి తిరిగొస్తే, 2013లో సీలిగ్, సొలోవేచిక్, కార్డెల్లీ తదితరులు చేసినది మన డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ వాళ్ళు చూడాలి. గిన్నెలో రెండు రకాల పోగులు, ఎవరి సంఖ్య ఎక్కువో తేల్చాలి. ఎదురుపడితే రెండూ తటస్థమైపోతాయి, తటస్థుడికి ఎవరు తగిలితే వాడి పార్టీలో చేరిపోతాడు. చివరికి గిన్నెంతా మెజారిటీ పార్టీయే. నాయకుడు లేని కన్సెన్సస్! లీకు తగ్గించడానికి వాళ్ళు గేట్లని బాక్టీరియాలో పెంచి తీశారు, ఎందుకంటే డీఎన్‌ఏ కాపీ కొట్టడంలో మన యంత్రాలకన్నా బాక్టీరియాకి తప్పులు తక్కువ. 2018లో కెవిన్ చెర్రీ, చియాన్ చేతిరాత అంకెల్ని (ఔను, ఆ ఎమ్‌నిస్ట్ డేటాయే) గుర్తుపట్టే డీఎన్‌ఏ న్యూరల్ నెట్‌వర్కు చేశారు. 2025లో అది ఉదాహరణలు చూసి గిన్నెలోనే నేర్చుకునేలా కూడా చేశారు.

ఇంకొక పాత రోగం, ఒకసారి జవాబు చెప్పాక సర్క్యూటు అయిపోవడం. అన్ని పోగులూ తమ తమ సీట్లలో స్థిరపడ్డాక మళ్ళీ లేపేవాడు ఉండడు, పారబోసి కొత్తది కలుపుకోవాల్సిందే. 2025లోనే తియాన్‌చి సాంగ్, చియాన్ దానికి ఉపాయం చూపించారు: పోగుల్ని తమలో తామే మడత పడేలా రాస్తే, గిన్నెని వేడిచేసి చల్లార్చగానే అన్నీ మొదటి స్థానాలకి తిరిగొస్తాయి. రీస్టార్ట్ చేసి చూశారా అని మన సపోర్టు వాళ్ళు అడిగేదానికి డీఎన్‌ఏలో సమాధానం దొరికిందన్నమాట :)

నా లెక్క కాగితం ఫోటో తీసి, నంబరు సంపాదించి, సారుకి పంపాను. ఇప్పుడు రిటైరయ్యారట. రెండు రోజులకి జవాబొచ్చింది. "ఊరికి 20 అక్షరాలే చాలని ఎలా అనుకున్నావు? ఊళ్ళు పెరిగితే పేర్లు కలవకుండా ఉండాలంటే పొడవు పెరగాలిగా. మళ్ళీ వెయ్యి." ఈ ఆదివారం కూర్చోవాలి.